వాల్కిరీస్ తొలి సీజన్: 22కి 22 హౌస్‌ఫుల్ వెనుక ఉన్న లెక్క

గల్లాపెట్టె (2025 నవంబర్)

గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ తొలి సీజన్ 23 గెలుపులు, 21 ఓటములతో ముగిసింది. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో, లీగ్ మొదలయ్యాక కొత్తగా చేరిన జట్లలో అడుగుపెట్టిన ఏడాదే ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ పోటీలకి) వెళ్లిన మొదటిది ఇదే. నటాలీ నకాసే కోచ్ ఆఫ్ ది ఇయర్ అయ్యారు. ఆట గురించి వేరే థ్రెడ్‌లో బోలెడు చర్చ నడిచింది కాబట్టి ఇక్కడ డబ్బు గురించే మాట్లాడుకుందాం.

శాన్ ఫ్రాన్సిస్కో చేజ్ సెంటర్‌లో బాస్కెట్‌బాల్‌కి 18,064 సీట్లు. రెగ్యులర్ సీజన్‌లో సొంత కోర్టు మీద 22 మ్యాచ్‌లు, ఇరవై రెండూ హౌస్‌ఫుల్. గుణిస్తే 3,97,408 టికెట్లు.

ఇప్పుడు ఖర్చు చూడండి. 2025లో ఒక్కో జట్టుకి జీతాల పరిమితి 15,07,100 డాలర్లు. ఒక్కరిది కాదు, జట్టు మొత్తానిది. దాన్ని అమ్మిన టికెట్లతో భాగిస్తే టికెట్‌కి 3.79 డాలర్లు. లీగ్‌లో చేరడానికి ఓనర్లు కట్టే రుసుం 5 కోట్ల డాలర్లు, పదేళ్ల వాయిదాల్లో అని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఏడాదికి 50 లక్షల చొప్పున చూస్తే టికెట్‌కి 12.58 డాలర్లు. రెండూ కలిపి 16.37. అంటే ప్రతి టికెట్‌లో మొదటి పదిహేడు డాలర్లతోనే ఆటగాళ్ల జీతాలూ, ఆ ఏటి ప్రవేశ రుసుం వాయిదా తీరిపోతాయి. ఆపైన వచ్చేదాంట్లోంచి కోచ్‌లు, ఆఫీసు సిబ్బంది, మార్కెటింగ్, మ్యాచ్ రోజు హాలు నడిపే ఖర్చు వెళ్లాలి. స్పాన్సర్లు, టీ-షర్టులు, తిండి, పార్కింగ్ ఇందులో కలపలేదు.

జూన్‌లో క్రీడా వ్యాపార పత్రిక స్పోర్టికో ఈ జట్టు విలువ 50 కోట్ల డాలర్లని అంచనా వేసింది. అప్పటికి లీగ్‌లో అదే అత్యధికం. నా అభిప్రాయంలో ఈ విజయం కోర్టు మీద మొదలవలేదు. జట్టులో ఒక్క ప్లేయరూ లేని రోజుల్లోనే టికెట్ కౌంటర్ దగ్గర మొదలైంది.

టికెట్_కిటికీ

గల్లాపెట్టె గారూ, లెక్క బాగుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. లీగ్ ప్రకటించే హాజరు చేతులు మారిన టికెట్ల సంఖ్య, గేటు దగ్గర స్కాన్ అయిన మనుషుల సంఖ్య కాదు. టికెట్ కొని రాని వాళ్లు ప్రతి మ్యాచ్‌కీ ఉంటారు. టికెట్ డబ్బు వరకూ నష్టం లేదు గానీ, రాని మనిషి నాచోస్ కొనడు, జెర్సీ కొనడు. అందుకే టికెట్ ఆదాయాన్ని ఒక సంఖ్యతో, హాలు లోపలి అమ్మకాలని వేరే సంఖ్యతో గుణించాలి. మహిళా జట్ల లెక్కల్లో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

సీజన్ టికెట్ల సంగతికి వద్దాం. జట్టుని ప్రకటించింది 2023 అక్టోబర్ 5న. పేరు బయటపెట్టింది 2024 మే 14న. ఆడిన మొదటి మ్యాచ్ 2025 మే 16న. అమ్మకాల బృందానికి పందొమ్మిది నెలలు దొరికాయి. ఆ కాలాన్ని ఇలా వాడతారు:

ముందు తిరిగి ఇచ్చే షరతుతో చిన్న డిపాజిట్ తీసుకుంటారు. అది ఆదాయం కాదు, ఫోన్ నంబర్ల జాబితా. ఎవరు ముందు కడితే వాళ్లకి సీటు ఎంచుకోవడంలో వరుస ముందు. తర్వాత కింది వరుసల ఖరీదైన సీట్లు మొదట అమ్ముతారు, ఎందుకంటే వాటికి కొనేవాళ్లు తక్కువ, ఒప్పించడానికి టైమ్ ఎక్కువ. పై వరుసలు చివర్లో వాటంతటవే పోతాయి. తొందరపడి ముందే పై సీట్లన్నీ చౌకగా ఇచ్చేస్తే, కోర్టు పక్కన కూర్చోగలిగిన కంపెనీ కూడా అక్కడే నాలుగు కొనుక్కుని ఊరుకుంటుంది.

ఒక్క మ్యాచ్ ఆడకముందే పదివేల సీజన్ టికెట్లు అమ్మిన మొదటి డబ్ల్యూఎన్‌బీఏ జట్టు ఇది. 18,064లో పదివేలు పోతే మ్యాచ్‌కి మిగిలేవి ఎనిమిది వేల చిల్లర. విడిగా కొనేవాళ్లు, గ్రూపులు, స్పాన్సర్ల కోటా, అవతలి జట్టుకి ఇచ్చేవి అన్నీ అందులోనే. మిగిలింది తక్కువ కాబట్టే డిమాండ్‌ని బట్టి ధర పెంచగలిగారు.

మహిళా లీగ్‌లో ఏళ్ల తరబడి జరిగిన తప్పు దీనికి సరిగ్గా ఎదురు: హాలు నిండినట్టు కనిపించాలని ఉచిత టికెట్లు పంచడం. ఒకసారి ఊరికే వచ్చినవాడు మళ్లీ డబ్బు పెట్టి కొనడు. డబ్బు పెట్టి కొన్న పక్క సీటువాడికి ఆ సంగతి తెలిస్తే మరుసటి ఏడు అతనూ కొనడు.

బ్రూక్లిన్_బెంచ్

న్యూయార్క్ లిబర్టీ సంగతి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు. 1997లో లీగ్ పుట్టినప్పటి జట్టు అది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడేది. పాత యాజమాన్యం 2017 చివర్లో అమ్మకానికి పెట్టి, 2018లో వైట్ ప్లెయిన్స్‌లోని వెస్ట్‌చెస్టర్ కౌంటీ సెంటర్‌కి తరలించింది. సుమారు అయిదు వేల సీట్ల పాత హాలు. న్యూయార్క్ పేరు పెట్టుకున్న జట్టుకి సగటున మూడు వేల మంది కూడా రాలేదు.

2019 జనవరిలో జో సాయ్ కొన్నారు. అదే ఏడాది బ్రూక్లిన్ నెట్స్ (పురుషుల లీగ్ ఎన్‌బీఏ జట్టు), అది ఆడే హాలు బార్‌క్లేస్ సెంటర్ కూడా పూర్తిగా ఆయన చేతికి వచ్చాయి. 2020 సీజన్ కోవిడ్ వల్ల ఫ్లోరిడాలో జరిగింది. అక్కడ లిబర్టీ రికార్డు 2 గెలుపులు, 20 ఓటములు. 2021 నుంచి సీజన్ మొత్తం బార్‌క్లేస్‌లో. ఎల్లీ అనే ఏనుగు మస్కట్‌ని దింపారు. జడ వేసుకుని డ్యాన్స్ చేసే ఆ ఏనుగు కోసమే పిల్లలు వచ్చే స్థాయికి వెళ్లింది. 2023లో బ్రియానా స్టువర్ట్, జాన్‌క్వెల్ జోన్స్ వచ్చారు. 2024 అక్టోబర్ 20న మిన్నెసోటా మీద ఓవర్‌టైమ్‌లో 67-62తో మొదటి టైటిల్.

వరుస గమనించండి: ముందు హాలు, తర్వాత అనుభవం, ఆ తర్వాతే స్టార్లు, చివర్లో కప్పు. వైట్ ప్లెయిన్స్‌లో ఉండగా స్టువర్ట్ వచ్చి ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

2025 మేలో జట్టులో కొంత వాటా అమ్మారు, 45 కోట్ల డాలర్ల విలువ కట్టి. గ్రీన్‌పాయింట్‌లో 8 కోట్ల డాలర్లతో ప్రాక్టీస్ సెంటర్ కడుతున్నారు, 2027కి సిద్ధం కావాలి.

నిక్కచ్చి

బ్రూక్లిన్_బెంచ్ గారు ఇచ్చిన 45 కోట్లకీ, మొదటి పోస్టులోని 50 కోట్లకీ తేడా చూడాలి. లిబర్టీది ఎవరో నిజంగా చెక్కు రాసి వాటా కొన్న ధర. వాల్కిరీస్‌ది ఒక పత్రిక వేసిన అంచనా. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అనకూడదు. పైగా విలువ వేరు, లాభం వేరు. 50 కోట్ల విలువ ఉన్న జట్టు ఆ ఏడు పైసా మిగల్చకపోవచ్చు.

ఇంకో పెద్ద ప్రశ్న. వాల్కిరీస్ ఓనర్లూ, అదే హాల్లో ఆడే ఎన్‌బీఏ జట్టు వారియర్స్ ఓనర్లూ ఒకరే: జో లేకబ్, పీటర్ గూబర్. చేజ్ సెంటర్ కూడా వాళ్లదే. అలాంటప్పుడు అద్దె ఎంత అనేది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చే అంకె. అద్దె తక్కువ రాస్తే వాల్కిరీస్ లాభం బాగా కనిపిస్తుంది, ఎక్కువ రాస్తే హాలు లాభం బాగా కనిపిస్తుంది. స్పాన్సర్‌షిప్ కూడా అంతే: ఒక కంపెనీ రెండు జట్లకీ కలిపి ఒప్పందం చేసుకుంటే ఎవరి ఖాతాలో ఎంత పడాలి? బయటివాళ్లకి తెలిసే మార్గం లేదు. కాబట్టి "వాల్కిరీస్ లాభం" కన్నా "ఓనర్ల మొత్తం లాభం ఎంత పెరిగింది" అని అడగడమే సరైన ప్రశ్న.

గల్లాపెట్టె

ఒప్పుకుంటాను, నిక్కచ్చి గారూ. ఆ ప్రశ్నకే జవాబు ఇంకా బలంగా వస్తుంది. డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మే నుంచి సెప్టెంబర్ దాకా. అప్పుడు వారియర్స్‌కి సెలవులు. హాలు కట్టిన అప్పు, భద్రత, విద్యుత్తు, పర్మనెంట్ సిబ్బంది ఖర్చు ఎలాగూ ఉంటుంది. ఫంక్షన్ హాలు సొంతదైనవాడికి మూఢంలో కూడా పెళ్లిళ్లు దొరికినట్టు. 22 రాత్రులు అదనంగా బీరు, పిజ్జా, పార్కింగ్, చుట్టూ ఉన్న థ్రైవ్ సిటీ హోటళ్ల వ్యాపారం, అన్నీ ఒకే ఇంటికి.

అయితే అంతా వారియర్స్ నీడలోనే జరిగిందంటే ఒప్పుకోను. ప్రెసిడెంట్ జెస్ స్మిత్ మహిళా ఫుట్‌బాల్ జట్టు ఏంజెల్ సిటీలో ఆదాయ విభాగం నడిపి వచ్చారు. ఓక్లాండ్‌లో వారియర్స్ పాత ప్రాక్టీస్ సెంటర్‌ని వాల్కిరీస్‌కి ఇచ్చి, దానికి సెఫోరా పేరు పెట్టారు. జెర్సీ మీద ఆరోగ్య సేవల సంస్థ కైజర్ పర్మనెంటే పేరు. సెఫోరా లాంటి సౌందర్య ఉత్పత్తుల కంపెనీ పురుషుల జట్టు ప్రాక్టీస్ హాలుకి పేరు కొనడం కష్టం. ఉన్న స్పాన్సర్‌నే రెండోసారి అడగకుండా, ఈ ఆట దగ్గరికి ఎన్నడూ రాని కంపెనీని తేవడం అసలైన పని. పాత స్పాన్సర్‌కి "ఇది కూడా కలిపి తీసుకోండి" అని ఇస్తే అది తగ్గింపు ధరే అవుతుంది. ఆ తర్వాత పదేళ్లు ఆ ధర నుంచి పైకి రాలేరు.

లోకల్ టీవీ కూడా బాగా ఆలోచించి చేశారు. కేబుల్ అక్కర్లేకుండా యాంటెనాతో వచ్చే కేపీఐఎక్స్ కుటుంబం ఛానెళ్లకి ఇచ్చారు, శాక్రమెంటోలో కేఎంఏఎక్స్‌కి. కొత్త జట్టుకి ప్రసార రుసుం కన్నా ఇళ్లలోకి చేరడం ముఖ్యం. టికెట్ అక్కడి నుంచే అమ్ముడవుతుంది.

సియాటిల్_వాన

హాలు సొంతం కాకపోతే దారే లేదా అంటే ఉంది, కానీ నిదానం. సియాటిల్ స్టార్మ్‌ని 2008లో ఫోర్స్ 10 హూప్స్ అనే మహిళల బృందం కోటి డాలర్లకి కొంది. ఎన్‌బీఏ జట్టు ఆ ఏడే ఓక్లహోమాకి వెళ్లిపోయింది. అద్దె హాలు, ఎన్‌బీఏ అండ లేదు. 2010, 2018, 2020లో కప్పులు గెలిచారు. 2023లో 15.1 కోట్ల డాలర్ల విలువ మీద 2.1 కోట్లు సేకరించారు, అంటే సుమారు 14 శాతం వాటా. ఆ బలంతో 6.4 కోట్ల డాలర్ల సొంత ప్రాక్టీస్ సెంటర్ 2024లో తెరిచారు.

అద్దెకి ఉన్న జట్టు ఒప్పందంలో చూసుకోవాల్సినవి ఇవి. తేదీలు: వేసవి కచేరీల సీజన్ కాబట్టి శుక్ర, శని రాత్రులు కచేరీకి పోయి, జట్టుకి మంగళవారాలు మిగులుతాయి. తిండి అమ్మకాల్లో వాటా: లేకపోతే హాలు నిండినా జట్టుకి టికెట్ డబ్బే. ప్రకటనల బోర్డులు: హాలుకి శాశ్వత స్పాన్సర్‌గా ఒక బ్యాంకు ఉంటే అదే రంగంలో జట్టు ఇంకో బ్యాంకుని తేలేదు. సూట్లు (హాల్లోని ఖరీదైన ప్రత్యేక గదులు): వాటిని ఏడాది పాటు హాలే అమ్ముకుంటుంది కాబట్టి జట్టుకి రావలసిన భాగం విడిగా రాయించుకోవాలి. ఈ నాలుగింటిలో రెండు పోయినా మిగతా రెండూ దాన్ని పూడ్చలేవు.

టికెట్_కిటికీ

తేదీల సమస్య సొంత హాలు ఉన్నవాళ్లకీ వస్తుంది. సెప్టెంబర్‌లో చేజ్ సెంటర్ లేవర్ కప్ టెన్నిస్‌కి ముందే బుక్ అయి ఉంది. వాల్కిరీస్ ప్లేఆఫ్స్‌కి వస్తారని ఎవరూ అనుకోలేదు. తీరా వచ్చాక సొంత మ్యాచ్‌ని శాన్ హోసేలోని శాప్ సెంటర్‌లో ఆడాల్సి వచ్చింది. అక్కడ మిన్నెసోటా 75-74తో గెలిచి జట్టుని ఇంటికి పంపింది. డబ్బు పరంగానూ దెబ్బే: సీజన్ టికెట్ ఉన్నవాళ్లందరికీ వేరే హాలు మ్యాపులో మళ్లీ సీట్లు కేటాయించాలి, స్పాన్సర్ల బోర్డులు మార్చాలి, తిండి అమ్మకాలు వేరేవాళ్లకి పోతాయి. మరుసటి ఏటి నుంచి సెప్టెంబర్, అక్టోబర్ తేదీలు జట్టు కోసం ఖాళీగా ఉంచాలి. అలా ఉంచితే ఆ రాత్రులకి కచేరీ ఆదాయం పోతుంది. గెలుస్తామో లేదో తెలియకుండా పెట్టాల్సిన ఖర్చు అది.

పోస్ట్_మూవ్

ఆట వైపు నుంచి ఒక మాట. 2024 డిసెంబర్ 6న ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ (కొత్త జట్టు పాత జట్ల నుంచి ఆటగాళ్లని ఎంచుకోవడం) జరిగింది. పన్నెండు జట్లూ తలా ఆరుగురిని కాపాడుకోవచ్చు, ఒక్కో జట్టు నుంచి ఒక్కరికి మించి తీసుకోకూడదు. వాల్కిరీస్ పదకొండు మందిని తీసుకున్నారు. అందులో పేరున్న స్టార్ లేదు. జనరల్ మేనేజర్ ఒహెమా న్యానిన్ యూరప్ ఆటగాళ్ల మీద బాగా మొగ్గారు. తక్కువ జీతానికి మంచి ఆట దొరుకుతుంది. దాని మూల్యం జూన్‌లో తెలిసింది: యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ కోసం ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్, బెల్జియం జట్లకి పలువురు వెళ్లిపోయారు. జులైలో ఆల్‌స్టార్ కేలా థోర్న్‌టన్ మోకాలి గాయంతో మిగతా సీజన్‌కి దూరమైంది. అయినా టికెట్లు ఆగలేదు. వెరోనికా బర్టన్ మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అయింది.

ఇండియానా ఫీవర్‌తో పోల్చండి. 2024లో కెయిట్లిన్ క్లార్క్ రాగానే సగటు హాజరు 17 వేలు దాటింది. అవతలి జట్లు కూడా ఆమె వచ్చినప్పుడు పెద్ద హాళ్లకి మారాయి: వాషింగ్టన్‌లో ఒక మ్యాచ్‌కి 20,711 మంది. ఒక్క మనిషి మీద అంత వ్యాపారం నిలబడితే గాయం అయిన రోజున ఏమవుతుందో 2025లో ఆమె ఆడలేకపోయిన మ్యాచ్‌లలో చూశాం. వాల్కిరీస్ అభిమానులు జట్టు పేరు మీద వచ్చారు. అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

నిక్కచ్చి

మొదటి పోస్టులోని 3.79 డాలర్ల అంకె ఇక ఉండదు. ఆటగాళ్లతో పాత ఒప్పందం 2025 అక్టోబర్ 31తో ముగిసి, కొంతకాలం పొడిగింపు మీద నడిచింది. 2026 నుంచి డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌లతో 11 ఏళ్లకి సుమారు 220 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం మొదలవుతుంది. ఆటగాళ్లు తమ వాటా అడిగారు, అడగాల్సిందే. హాలు నింపుతున్నది వాళ్ల ఆట. గరిష్ఠ జీతం 2025లో 2,49,244 డాలర్లంటే ఆ హాళ్లు చూసినవాళ్లెవరూ సమర్థించలేరు.

పోనీ టీవీ డబ్బంతా జట్లకే వస్తుందా అంటే అదీ కాదు. 2022లో లీగ్ 7.5 కోట్ల డాలర్లు సేకరించినప్పుడు సుమారు 16 శాతం బయటి పెట్టుబడిదారులకి వెళ్లింది. మిగిలింది ఎన్‌బీఏ ఓనర్లు, డబ్ల్యూఎన్‌బీఏ ఓనర్లు చెరి సగం. అంటే పైన వచ్చే రూపాయిలో మహిళా జట్ల ఓనర్లకి దక్కేది నలభై రెండు పైసలే. కొత్త జట్లు వచ్చేకొద్దీ అది ఇంకా ఎక్కువ ముక్కలవుతుంది. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా ఒక్కొక్కటి 25 కోట్ల డాలర్లు కట్టి 2028, 2029, 2030లలో వస్తున్నాయి. వాళ్లకి గల్లాపెట్టె గారి లెక్క వేస్తే, పదేళ్లకి పంచినా ఏడాదికి రెండున్నర కోట్లు, 3,97,408 టికెట్లు అమ్మినా టికెట్‌కి 63 డాలర్లు ప్రవేశ రుసుముకే పోతాయి. వాల్కిరీస్ కొన్న ధరకి ఆ తలుపు ఇక తెరుచుకోదు.

ఓరుగల్లు_రీబౌండ్

మన దేశంలోని మహిళా క్రికెట్ ఉమెన్స్ ప్రీమియర్ లీగ్‌కి ఈ లెక్క సరిపోతుందా? 2023లో అయిదు జట్లు రూ. 4,669.99 కోట్లకి అమ్ముడయ్యాయి. టీవీ హక్కులు అయిదేళ్లకి రూ. 951 కోట్లు. తెలుగు నగరాలకి జట్టు రాలేదు. వస్తే ఏం చూడాలి?

టికెట్_కిటికీ

ఓరుగల్లు గారూ, అక్కడ నిర్మాణమే వేరు. మొదటి ఏడాది అన్ని మ్యాచ్‌లూ ముంబైలో, రెండో ఏడాది బెంగళూరు, ఢిల్లీల్లో మాత్రమే జరిగాయి. సొంత ఊళ్లో ఏడాదికి 22 రాత్రులు అనేది లేదు కాబట్టి సీజన్ టికెట్ల జాబితా తయారవదు. ఆదాయం ప్రధానంగా బోర్డు పంచే టీవీ డబ్బు, జెర్సీ స్పాన్సర్లు. హైదరాబాద్‌కో విశాఖకో జట్టు వస్తే మొదట అడగాల్సింది వేలం ధర కాదు, సొంత ఊళ్లో ఎన్ని మ్యాచ్‌లు ఖాయంగా ఇస్తారు, ఆ రోజు స్టేడియం లోపలి అమ్మకాలు ఎవరివి అని.

మిషన్_బే

సీజన్ టికెట్లలో ఎంతమంది రెన్యువల్ చేసుకుంటారన్నదే నేను 2026లో చూడబోయే అంకె. ఆడని జట్టుని కొత్తదనం మీద అమ్మవచ్చు. రెండో ఏడు కొన్నవాడు ధర, సీటు, ఆట అన్నీ చూసి కొంటాడు. రీసేల్ సైట్లలో మంగళవారం మ్యాచ్ టికెట్ అసలు ధర కన్నా కిందికి జారితే అది మొదటి హెచ్చరిక. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు తాము రాలేని మ్యాచ్‌లని నష్టానికి అమ్ముకుంటే మరుసటి ఏడు సగం మ్యాచ్‌ల ప్యాకేజీకి దిగుతారు.

ఫ్రీమాంట్_డ్రిబుల్

ఇదంతా చదివాక పిల్లలని తీసుకెళ్లాలనిపిస్తోంది. చేజ్ సెంటర్ పార్కింగ్ తప్పించుకునే దారి ఉందా?

మిషన్_బే

ఉంది. మ్యాచ్ టికెట్టే ఆ రోజు మ్యూనీకి (శాన్ ఫ్రాన్సిస్కో సిటీ బస్సులు, ట్రామ్ రైళ్లు) టికెట్‌గా చెల్లుతుంది, బార్ట్‌కి (చుట్టుపక్కల ఊళ్లని కలిపే రైలు) మాత్రం వేరే కట్టాలి. ఫ్రీమాంట్ నుంచి డేలీ సిటీ వైపు గ్రీన్ లైన్ ఎక్కి పవెల్‌లో దిగండి. స్టేషన్ లోపలి దారిలోనే యూనియన్ స్క్వేర్ స్టేషన్‌కి నడిచి టీ లైన్ ఎక్కితే యూసీఎస్ఎఫ్/చేజ్ సెంటర్ స్టాప్ హాలు ముందే. తిరుగు ప్రయాణంలో జాగ్రత్త: రాత్రి తొమ్మిది తర్వాత గ్రీన్ లైన్ ఉండదు. డబ్లిన్ వైపు బ్లూ లైన్ ఎక్కి బే ఫెయిర్‌లో దిగి, బెర్రియెస్సా వైపు ఆరెంజ్ లైన్‌కి మారాలి. ఏడు గంటల మ్యాచ్ అయితే ఈ మార్పు తప్పదు. చిన్న పిల్లలుంటే వారాంతపు మధ్యాహ్నం మ్యాచ్ చూసుకోండి, నేరుగా రావచ్చు.